కొంతకాలం

నా మనవరాలు ఫోన్లో చూసి చదివింది.
మొరాగ్ లెనాక్స్, చిత్రకారిణి.
స్కాట్లండ్‌లో చేపల రేవు ఒకదాంట్లో పుట్టింది,
తండ్రి వలలు బాగుచేసేవాడు.
గ్లాస్గోలో చదువు, ఎడిన్‌బరోలో ఉద్యోగం,
రెండు పెళ్ళిళ్ళు, ఒక పతకం,
మొన్న మార్చిలో పోయిందట, తొంభై ఒకటో ఏట.
మధ్యలో ఒకే వాక్యం:
డెబ్బై నాలుగులో కొంతకాలం దక్షిణ భారతదేశంలో గడిపింది.

కొంతకాలమా?
మళ్ళీ చదవవే అన్నాను.
మళ్ళీ అంతే ఉంది.

ఆ కొంతకాలం
పట్నంబజారు గోడౌన్లో, నా పక్కన, గోతం మీద కూర్చుంది.
మిరపకాయలకి తొడాలు తీసేవాళ్ళం పదకొండుమందిమి,
ముక్కుకి కొంగులు బిగించుకుని.
ఆమె ఏమీ కట్టుకోకుండా వచ్చింది.
తుమ్మింది, దగ్గింది, కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి,
గుమాస్తా పిచ్చయ్య గోలీసోడా తెప్పిస్తే
తాగాలని తెలీక మొహం కడుక్కుంది.
ఇక రాదులే అనుకున్నాం.
తెల్లారి మాకంటే ముందే తలుపు దగ్గర నిలబడి ఉంది,
బ్రాడీపేట నాలుగో లైన్నుంచి నడిచొచ్చి,
మెడలో తువ్వాలు, చంకలో అట్టలు.

తెలుగు రెండు ముక్కలే వచ్చు ఆమెకి.
ఒకటి ఘాటు.
రెండోది తాలు.
ఎండ దెబ్బకో వాన దెబ్బకో ఎరుపు చచ్చిన కాయని
మేం ఏరి అవతల పోస్తామా,
ఆ కుప్ప ముందు కూర్చునేది పొద్దస్తమానం.
నిగనిగలాడే మంచి సరుకు వంక చూసేదే కాదు.
దొరసానికి బేరం చేతకాదర్రా అని పిచ్చయ్య నవ్వేవాడు.
నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఓరోజు కారం నూరి నూనెలో కలిపి బొమ్మకి పూసింది.
వద్దమ్మా, మా ఎరుపు నిలవదు,
ఎండలో పెడితే ఏ ఎరుపైనా తాలే అన్నాను.
ఆమెకేం అర్థమైందో.
వారానికి ఆ బొమ్మ వెలిసిపోయింది.
దాన్ని పట్టుకుని పిచ్చిదానిలా సంబరపడింది.

సాయంత్రం ఇంటికొస్తే చేతులు నిప్పులు.
చంటోడికి పాలివ్వాలంటే రొమ్ము ముట్టుకోకూడదు.
సత్తుగిన్నెలో చల్ల పోసుకుని
మణికట్టు దాకా ముంచి కూర్చునేదాన్ని,
వాడు పక్కన గుక్కపట్టి ఏడుస్తుంటే.
ఒకసారి వెంట వచ్చి గడపలోనే ఆగిపోయింది,
అక్కడే చతికిలబడి గీయడం మొదలెట్టింది.
దీపం పెట్టేదాకా
నా చేతుల మీద తప్ప ఆమె చూపు ఎక్కడా ఆనలేదు.
వాడు ఏడుస్తూనే ఉన్నాడు.
అదొక్కటే నాకిప్పటికీ కోపం.

పోయేటప్పుడు ఒక కాగితం ఇచ్చింది, పెన్సిల్ గీతలది.
డెబ్బై ఏడు తుఫానులో కప్పుతో పాటు అదీ పోయింది.

మనవరాలు వేలితో తోస్తూ బొమ్మలు చూపిస్తోంది.
మన ఊరు రాకముందువన్నీ బూడిద.
సముద్రం, రాళ్ళు, మబ్బు.
తర్వాతా బూడిదే,
కాని ప్రతిదాంట్లో ఓ మూల ఒక మరక,
ఎరుపూ కాదు, తెలుపూ కాదు.
ఉత్తర సముద్రం మీద సంధ్యాకాంతి అని రాశారట పెద్దలు.
సంధ్యా లేదు, కాంతీ లేదు.
తాలు.
నలభై ఏళ్ళు తాలే గీసింది మహాతల్లి,
మేం పారబోసిన, ధర పలకని కాయని.

చివర్లో ఒకటి. అబర్డీన్‌లో గోడకుందట.
రెండు చేతులు, తెల్లటి గిన్నె.
పేరేంటే అంటే ఇంగ్లీషులోంచి కూడబలుక్కుని చెప్పింది:
పాలలో చేతులు.

పాలా!
పాలు కొనే రోజులా అవి?
రాయవే వాళ్ళకి. పాలు కాదు, చల్ల.
ఆ చేతులు అచ్చాయమ్మవి.
కొంతకాలం అన్న ముక్క కూడా కొట్టెయ్యమను.
మావాడు పాకుతున్నప్పుడు వచ్చింది,
గోడ పట్టుకుని నిలబడ్డాక రైలెక్కింది.